డ్రిల్లు పెట్టకుండా డిక్కీకి స్పాయిలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం ఎక్కువ. కొత్త కారు కొన్న కుర్రాళ్లు ఆరు నెలలు తిరక్కముందే దానికి ఏదో ఒకటి తగిలించాలని చూస్తారు. నా కారు వెనక స్పాయిలర్ (డిక్కీ అంచున గాలికి అడ్డుగా పెట్టే రెక్క) చూసి "ఇదెలా పెట్టావన్నా" అని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ, ఒకచోట రాసిపెడితే పోతుందనిపించింది. ముందే ఒప్పుకుంటున్నాను: మొదటిసారి నేను పెట్టింది బాగేపల్లి దాకా కూడా నిలవలేదు. రెండోది నాలుగేళ్లుగా కదల్లేదు. రెండిటికీ వాడింది ఒకే రకం టేపు.

టేపుతో ఏ స్పాయిలరైనా నిలుస్తుందా?

నిలవదు. డిక్కీ అంచు మీద పొడవునా పడుకుని ఉండే లిప్ స్పాయిలర్, కాస్త తోక లేపినట్టుండే డక్‌టెయిల్, హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దం పైన కూర్చునే చిన్న రూఫ్ స్పాయిలర్, ఇవి టేపుకు లొంగుతాయి. రెండు కాళ్ల మీద ఎత్తుగా నిలబడే వింగ్ మాత్రం వద్దు.

కొత్త స్టీలు గిన్నె మీద ధర స్టిక్కర్ చూడండి. తిన్నగా పైకి లాగితే రాదు. మూల గోటితో లేపి ఒలిస్తే వచ్చేస్తుంది. జిగురు ఏదైనా అంతే. వెడల్పు మొత్తం మీద సమానంగా పడే బలాన్ని మోస్తుంది, ఒక అంచు మీద పడి ఒలిచే బలానికి ఓడిపోతుంది. లిప్ మీద గాలి కొడితే అది ఎక్కువగా వెనక్కీ కిందికీ తోస్తుంది. అడుగు ఎత్తు వింగ్ మీద అదే గాలి కొడితే, గునపంతో రాయిని లేపినట్టు కాళ్ల ముందు అంచు పైకి లేస్తుంది. హైవే మీద అది ఊడి వెనక వచ్చే బైకతని మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. వింగే కావాలంటే బోల్టులతో, డ్రిల్లు చేసిన రంధ్రాలకు తుప్పు పట్టకుండా ప్రైమర్ పూసి, తెలిసినవాళ్లతో పెట్టించుకోవాలి.

అసలు స్పాయిలర్‌తో ఉపయోగం ఏమైనా ఉందా?

సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడ్డ కారుకు ఏం ఉపయోగం ఉంటుంది! గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 50లో వెళ్లేటప్పుడు ఉన్నదానికి 100లో నాలుగు రెట్లు. మనం రోజూ నడిపే వేగాల్లో ఇది అందం కోసమే. అందం కోసం అని ఒప్పుకుంటే తప్పేం లేదు, "డౌన్‌ఫోర్స్ కోసం", అంటే గాలి కారును రోడ్డుకు నొక్కి పట్టడం కోసం అని చెప్పుకోవడమే నవ్వొస్తుంది.

టేపా, గమ్మా? ఫెవిక్విక్ చాలదా?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కొంచెం వివరంగా చెప్తాను.

మార్కెట్లో దొరికే స్పాయిలర్లలో ఎక్కువ భాగం ఏబీఎస్ ప్లాస్టిక్. డిక్కీ స్టీలు. ఎండకు రెండూ సాగుతాయి కానీ ఒకే లెక్కలో కాదు. ఏబీఎస్ స్టీలు కంటే సుమారు 6, 7 రెట్లు ఎక్కువ సాగుతుంది. 1.2 మీటర్ల స్పాయిలర్ పొద్దున 20 డిగ్రీల్లో ఉండి మధ్యాహ్నం ఎండకు 60కి చేరిందనుకోండి. నల్ల కారుకు ఆ వేడి పెద్ద విషయం కాదు. స్పాయిలర్ దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కింద డిక్కీ అర మిల్లీమీటరు. ఈ తేడా రోజూ వస్తూ పోతూ ఉంటుంది. మధ్యలో ఉన్న జిగురు దాంతోపాటు సాగాలి, లేకపోతే విరగాలి.

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ ఆరితే గాజులా పెళుసు. గుంతల్లో అదిరే బండికి అది పనికిరాదు, పైగా అంచుల చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది. ఆరల్డైట్ బలమైనదే, కానీ అదీ బిర్రబిగుసుకుపోతుంది. ఒక్కోసారి జిగురు నిలబడి కింద పెయింటే ఊడి వస్తుంది. ఇంట్లో సింకు చుట్టూ వేసే సిలికాన్‌లో పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఉంటుంది, అది ఆరేటప్పుడు ఆమ్లం విడుదల చేస్తుంది, ఇనుముకు మంచిది కాదు. సిలికాన్ అవశేషం ఉన్న చోట తర్వాత పెయింట్ కొట్టిస్తే రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది. పెయింటర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు.

కారు ముందు అద్దం అతికించే పాలీయురేథేన్ సీలెంట్ నిజంగా మంచిది. సాగుతుంది, పట్టు వదలదు. చిక్కేమిటంటే దాన్ని మళ్లీ తీయడం నరకం. పక్కకి కారినా, వంకరగా కూర్చున్నా దిద్దుకునే సమయం తక్కువ. గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి ఆరేదాకా స్పాయిలర్‌ని మాస్కింగ్ టేపుతో కట్టి ఉంచాలి. బరువైన డక్‌టెయిల్‌కి మధ్యలో సీలెంట్, అంచుల్లో టేపు కలిపి వాడేవాళ్లున్నారు. అది మంచి పద్ధతే, కానీ మొదటిసారి చేసేవాళ్లు జోలికి పోవద్దు.

మిగిలింది అక్రిలిక్ ఫోమ్ టేపు. 3ఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ ఈ జాతికి పెద్దన్న. టేపు మందమే జిగురు, పై నుంచి కింది దాకా ఒకటే పదార్థం. పక్కవాటు కదలికను తన మందానికి మూడు రెట్ల దాకా తట్టుకుంటుంది. 1.1 మిల్లీమీటర్ల టేపు అంటే 3 మిల్లీమీటర్లకు పైనే. పైన చెప్పిన తేడా మూడున్నర, అది రెండు కొనలకు పంచుకుంటే ఒక్కో వైపు రెండు కూడా రాదు. లెక్క సరిపోయింది.

డబ్బాలో స్పాయిలర్‌కి ముందే టేపు అంటించి వచ్చింది. అది వాడొచ్చా?

చూసి చెప్పాలి. మూల దగ్గర చిన్న ముక్క కోసి లాగండి. బబుల్‌గమ్ లాగా సాగి మెల్లగా వెనక్కి వస్తే అక్రిలిక్ ఫోమ్. స్పాంజిలా పుటుక్కున తెగి లోపల బుడగలు కనిపిస్తే అది గోడకు కొక్కేలు అంటించే సరుకు. ఎర్ర లైనర్ (జిగురు మీద ఉండే, ఒలిచేసే పొర) ఉందని నమ్మొద్దు, ఎర్ర రంగు ఎవరైనా వేస్తారు.

అంత బరువు టేపు మోస్తుందా?

ఎప్పుడూ వేలాడే బరువుకు కిలోకి 55 చదరపు సెంటీమీటర్ల టేపు అని లెక్క వేసుకుంటారు. 2 సెంటీమీటర్ల వెడల్పు టేపు మీటరు పొడవు వేస్తే 200 చదరపు సెంటీమీటర్లు, అంటే మూడున్నర కిలోల పైన. సెడాన్‌కి పెట్టే లిప్ సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. ఇక గాలి: 100 కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 45 కిలోల ఆసుపాసు. లిప్ ఎదురు వైశాల్యం 0.05 చదరపు మీటరు అనుకుంటే రెండుంపావు కిలోల తోపు. పైగా అది వీస్తూ పోయే బలం, పొద్దస్తమానం వేలాడే బరువు కాదు. కాబట్టి ఊడిపోతే తప్పు టేపు బలానిది కాదు, వేరే ఎక్కడో ఉంది.

శుభ్రం చేయడానికి థిన్నర్ వాడొచ్చా?

వద్దు. కంపెనీ పెయింట్ తట్టుకున్నా, టచప్ చేసిన చోట మెరుపు పోతుంది, ఏబీఎస్ కూడా మెత్తబడుతుంది. కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మన ఎస్‌పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. నీళ్లతో సగం సగం కలపండి. కోవిడ్ నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలిందని అది వాడొద్దు, అందులో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు. అదే మనకు శత్రువు.

ముందు షాంపూతో కడిగి ఆరబెట్టండి. తర్వాత స్పాయిలర్ కూర్చునే చోట కొంచెం నీళ్లు పోసి చూడండి. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లితే పైన మైనమో పాలిషో ఉన్నట్టు. నీరు పలచటి పొరలా పరుచుకుని కాసేపు అలాగే నిలిస్తే చోటు సిద్ధం. దొర్లుతున్నంతసేపూ వ్యాక్స్ రిమూవర్‌తో తుడవడం, మళ్లీ కడగడం, మళ్లీ నీళ్లు పోయడం. ఈ పరీక్ష దాటాకే ఐపీఏ. ఒక గుడ్డతో ఒకే దిక్కుగా తుడిచి, అది ఆరిపోయేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో ముందుకీ వెనక్కీ రుద్దితే జిడ్డు పోదు, ఊరంతా పూసినట్టవుతుంది. ఆ గుడ్డను బట్టలు మెత్తబడటానికి వేసే కంఫర్ట్ లాంటివి వేసి ఉతికి ఉండకూడదు, ఆ వాసన నూనె కూడా అంటుకుంటుంది. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టొద్దు. "శుభ్రంగా ఉందా లేదా" అని మా బావమరిది అరచేత్తో నిమిరి చూశాడు, మళ్లీ మొదటి నుంచి తుడిచాం.

స్పాయిలర్ వెనక వైపు కూడా ఇంతే శ్రద్ధ కావాలి. ఫైబర్‌తో చేసినవాటి మీద అచ్చు నుంచి తేలిగ్గా రావడానికి పూసిన మైనం మిగిలి ఉండొచ్చు. గిన్నెలు తోమే స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా గీకి, ఐపీఏతో తుడవండి. స్పాయిలర్ ఏబీఎస్ కాకుండా పాలీప్రొపిలీన్ అయితే దానికి ఏదీ సరిగా అంటదు. 3ఎం ప్రైమర్ 94 లాంటిది పలచగా పూసి, ఆరాక టేపు వేయాలి. ప్రైమర్ టేపు కిందే ఉండాలి, పక్కన పెయింట్ మీద పడితే మరక.

సిరామిక్ కోటింగ్ చేయించాను. ఇప్పుడెలా?

ఏదీ అంటుకోకూడదనే కదా ఆ కోటింగ్‌కి వేలకు వేలు పోశారు! టేపు పట్టుకునేది కారును కాదు, కారు మీద అన్నిటికంటే పైనున్న పొరను. ఆ పొర కోటింగ్ అయితే పట్టు కోటింగ్ ఇచ్చినంతే. స్పాయిలర్ పాదం పడే మేరకు మాస్కింగ్ టేపుతో గీత కట్టి, కాంపౌండ్‌తో ఆ పట్టీ వరకు పాలిష్ కొట్టి కోటింగ్ తీసేయాలి. చేతకాకపోతే కోటింగ్ వేసిన డిటైలర్‌తోనే తీయించండి. పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ఫిల్మ్) ఉంటే ఆ చోట ఫిల్మ్ కోసేయడమే నయం, లేకపోతే రేపు స్పాయిలర్ ఫిల్మ్‌ని పట్టుకుని వస్తుంది. ఈ మధ్యే డిక్కీకి డెంటింగ్ పెయింటింగ్ చేయించి ఉంటే నెల రోజులు ఆగండి. కొత్త పెయింట్ లోపలి నుంచి సాల్వెంట్ ఇంకా బయటికి వస్తూ ఉంటుంది.

బెంగళూరులో ఏ నెల మంచిది?

టేపు అంటించడానికి 21 నుంచి 38 డిగ్రీలు హాయి. 10 కంటే తగ్గితే టేపు గట్టిపడి, పెయింట్ మీది సన్నటి ఎత్తుపల్లాల్లోకి దిగదు. మనకు 10 అరుదు. కానీ డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 15 దగ్గర తిరుగుతుంది, పైగా మంచు తేమ. ఫిబ్రవరి, మార్చిలో పదకొండు గంటల వేళ నీడలో పెట్టుకోండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా అయితే బేస్‌మెంట్‌లో, ముందు రోజు నుంచీ ఆరి ఉన్న బండికి మాత్రమే. చల్లగా ఉంటే హెయిర్ డ్రైయర్‌తో డిక్కీనీ టేపునీ గోరువెచ్చగా చేయండి. నడి ఎండలో కాలిపోతున్న రేకు మీద కూడా పెట్టొద్దు, ఐపీఏ తుడిచేలోపే ఆవిరైపోయి జిడ్డు అక్కడే దిగుతుంది.

వంకర లేకుండా పెట్టడం ఎలా?

ముందు టేపు లేకుండా పెట్టి చూడండి. స్పాయిలర్ వంపూ డిక్కీ వంపూ కలవకుండా మూలల్లో 3, 4 మిల్లీమీటర్ల సందు కనిపిస్తే ఆ వస్తువు వెనక్కి ఇచ్చేయండి. "నొక్కితే కూర్చుంటుంది సార్" అంటారు. నొక్కితే కూర్చుంటుంది, వదిలితే రోజూ పైకి లేవాలని చూస్తుంది. జిగురుకు విశ్రాంతే ఉండదు.

సరిగ్గా కూర్చుంటే, రెండు వైపుల నుంచీ కొలిచి మధ్య గీత మాస్కింగ్ టేపు మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. లైనర్ మొత్తం ఒలిచేసి ఒకేసారి పెట్టాలని చూస్తే తొందరపాటే, ఈ టేపు ముట్టుకున్న చోటే పట్టేస్తుంది. రెండు కొనల దగ్గరా రెండంగుళాలు మాత్రం లైనర్ తీసి, తోకలా బయటికి మడిచి వదలండి. స్పాయిలర్ గుర్తు మీద తేలిగ్గా ఆనించి, అన్నీ చూసుకున్నాక ఆ తోకలు పట్టుకుని ఒకరు లాగుతూ ఉంటే ఇంకొకరు నొక్కుతూ పోవాలి. ఇద్దరు మనుషుల పని ఇది.

నొక్కడం అంటే తట్టడం కాదు. చదరపు సెంటీమీటరుకు కిలో బలం పడాలి. రెండు సెంటీమీటర్ల టేపు మీద ఐదు సెంటీమీటర్ల మేర నొక్కుతున్నారంటే పది కిలోలు. ఇంట్లో బియ్యం బస్తా మీద చెయ్యి ఆనించినట్టు ఒంటి బరువు వేసి, అంగుళం అంగుళం జరుపుతూ, ఒక్కో చోట పది అంకెలు లెక్కపెట్టండి. డిక్కీ రేకు పలచన, మధ్యలో వంగకుండా చూసుకోండి.

ఎప్పుడు బండి తీయొచ్చు? ఎప్పుడు కడగొచ్చు?

గది వేడిలో 20 నిమిషాలకు సగం పట్టు, ఒక రోజుకు 90 శాతం, మూడు రోజులకు పూర్తి. ఒక రోజు బండి తీయకండి. మూడు రోజులు హైవే ఎక్కకండి, నీళ్లు తగలనివ్వకండి. ప్రెజర్ వాష్ అయితే వారం ఆగడం నా అలవాటు, ఆ తర్వాత కూడా నాజిల్ నేరుగా టేపు గీత మీదికి పెట్టొద్దని వాషింగ్ అబ్బాయికి చెప్తాను. చెప్పినా పెడతాడు. పక్కనే నిలబడాలి.

ఒక మూల లేచింది. మళ్లీ నొక్కితే సరిపోతుందా?

సరిపోదు. లేచిన చోట అప్పటికే దుమ్ము చేరింది. మొత్తం తీసి, టేపు ఎక్కడ మిగిలిందో చూడండి. ఏం తప్పు జరిగిందో ఊడిన టేపే చెప్తుంది.

నా మొదటిది చెప్తాను. డిసెంబర్ ఆదివారం ఆరింటికి బేస్‌మెంట్‌లో అంటించి, పదింటికల్లా అనంతపురం బయల్దేరాను. బాగేపల్లి టోల్ దగ్గర పక్క లైన్లో లారీ డ్రైవర్ తల బయట పెట్టి "అన్నా, నీ బండి రెక్క ఊగుతాంది" అన్నాడు. దిగి చూస్తే ఎడమ మూల రెండు వేళ్లు దూరేంత లేచి ఉంది. పట్టుకుని లాగితే ఒలిచిన అరటి తొక్కలా చేతికొచ్చేసింది. టేపు మొత్తం స్పాయిలర్‌కే ఉంది, నున్నగా, అద్దంలా మెరుస్తూ. డిక్కీ మీద ఒక్క చుక్క జిగురు లేదు. అంతకు రెండు రోజుల ముందే ఒక వాషింగ్ సెంటర్‌లో పాలిష్ కొట్టించాను. టేపు ఆ పాలిష్‌ని చక్కగా పట్టుకుంది, పాలిషే కారును పట్టుకోలేదు.

ఇలా ఒక వైపు పూర్తిగా శుభ్రంగా వస్తే తప్పు ఆ వైపు తుడవడంలో ఉంది. టేపు మధ్యలో చీలి రెండు వైపులా మిగిలితే, పట్టు బాగానే ఉంది, బరువే ఎక్కువైంది, లేదా టేపు నాసిరకం. టేపు మీద అక్కడక్కడా మాత్రమే మెరిసి మిగతాది మొరటుగా ఉంటే ఆ మొరటు చోట అసలు ఆననే లేదు. నొక్కడం తక్కువైంది, లేదా వంపులు కలవలేదు. టేపుతో పాటు పెయింట్ వస్తే పాత టచప్ ఏదో బయటపడినట్టు.

వాడిన టేపు మళ్లీ వాడొద్దని వేరే చెప్పాలా?

తీసేయాలంటే పెయింట్ పోతుందా?

తొందరపడకపోతే పోదు. హెయిర్ డ్రైయర్‌తో, లేదా దూరంగా పట్టుకున్న హీట్ గన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేయండి. గాలానికి కట్టే నైలాన్ దారం రెండు చేతులకూ చుట్టుకుని, స్పాయిలర్‌కీ డిక్కీకీ మధ్య రంపంలా అటూ ఇటూ లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. మిగిలిన జిగురును బొటనవేలితో రోల్ చేస్తూ తీస్తే చాలావరకు వస్తుంది, మిగతాదానికి అడ్హెసివ్ రిమూవర్. స్పాయిలర్ నీడలో ఉన్న పెయింట్ కొత్తగా, చుట్టూ ఉన్నది ఎండకు వెలిసి కనిపిస్తే పాలిష్‌తో కొంత తగ్గుతుంది. ఎర్ర కార్లకు ఇది మరీ తెలుస్తుంది.

పోలీసులు ఆపుతారా? ఇన్సూరెన్స్ సంగతి?

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. చిన్న లిప్ వల్ల ఆర్‌సీలో రాసున్న ఏ వివరమూ మారదు కాబట్టి నేను టెన్షన్ పడను. నంబర్ ప్లేటునో, పైనుండే మూడో బ్రేక్ లైటునో కప్పేది, బండి పక్కలకు పొడుచుకొచ్చేది, పదునైన అంచులున్నది కొనకండి. ఏపీ, తెలంగాణ నంబర్‌తో ఇక్కడ తిరిగేవాళ్లను ట్యాక్స్ కాగితాల కోసం ఎలాగూ ఆపే సందర్భాలుంటాయి, ఇంకో కారణం మనమెందుకివ్వాలి?

పాలసీలో నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ అని ఒక గడి ఉంటుంది. ఖరీదైనదైతే బిల్లు దాచి, రెన్యువల్‌లో చెప్పండి.

ఇదంతా ఎందుకు, జేసీ రోడ్‌లో ఇస్తే పెట్టరా?

పెడతారు. టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా ఆ వీధంతా ఇదే పని, తెలుగు మాట్లాడే కుర్రాళ్లూ కనిపిస్తారు. చేతి పనిలో నాకంటే వాళ్లే మేలు, మధ్య గీత కంటితోనే కొడతారు. సమయం ఒక్కటే వాళ్ల దగ్గర ఉండదు. నల్లబడిన ఒకే గుడ్డతో తుడిచి, పది నిమిషాల్లో అంటించి "హైవే ఎక్కేయండి సార్, ఏం కాదు" అంటారు. నేనైతే తుడిచే పని ఇంట్లో ముందురోజే ముగించుకుని, టేపు, ఐపీఏ, రెండు గుడ్డలు చేతపట్టుకుని వెళ్తాను. చివరి తుడుపు నేనే తుడుస్తాను. వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

స్పాయిలర్ పెట్టాక డిక్కీ పైన నిలబడట్లేదు, ఏం చేయాలి?

డిక్కీని పైకి ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు ముసలివైతే ఒక కిలో పెరిగినా కిందికి జారతాయి. అవి మార్పించండి, స్పాయిలర్ తీయక్కర్లేదు. ఇంకోటి, డిక్కీ మూసేటప్పుడు స్పాయిలర్ పట్టుకుని లాగొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ఊరి నుంచి పచ్చడి జాడీలతో దిగిన మా మామయ్య, సామాన్లు తీసుకోగానే "భలే పట్టు పెట్టించావురా అల్లుడూ" అని దాన్నే పట్టుకుని ధన్‌మని మూశాడు. ఊడలేదు. అప్పటికి మూడు రోజులు దాటింది.